బీరువాలోని కెమెరా బయటికి రావాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగితే ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. క్రమశిక్షణ గురించీ, చదువు విలువ గురించీ రాసే పెద్దలు ఎలాగూ ఉన్నారు. మేము మాత్రం ఒక చిన్న వస్తువు గురించి రాయదలచుకున్నాం. అది మన హాస్టల్ ఆఫీసు గదిలో, ఇనుప బీరువా పై అరలో, అట్టపెట్టెలో ఉంది. కొన్నేళ్ళ క్రితం పూర్వ విద్యార్థులు ఇచ్చిపోయిన డిజిటల్ కెమెరా.

మేము 2018లో పదో తరగతి ముగించి ఈ హాస్టల్ వదిలిన బ్యాచ్ వాళ్ళం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మేము ఉన్న ఐదేళ్ళలో ఆ కెమెరా ఏడాదికి మూడు నాలుగు సార్లు బయటికి రావడం చూశాం. ఆగస్టు 15న ఒకసారి, జనవరి 26న ఒకసారి, దుప్పట్లో ట్రంకు పెట్టెలో పంచిన రోజు ఒకసారి, ఎవరైనా పెద్ద అధికారి వచ్చిన రోజు ఒకసారి. ఆ ఫొటోల్లో మేమూ ఉన్నాం. కాకపోతే దుప్పటి వెనక ఉన్నాం. దుప్పటి ఇస్తున్నవారి ముఖం స్పష్టంగా ఉంటుంది, వెనక కట్టిన బ్యానరు మీద అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, మా ముఖాలు సగం సగం ఉంటాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. రిపోర్టుకు కావలసిన ఫొటో అలాగే ఉంటుంది. కానీ అదొక్కటే మన ఫొటో కావడం మాకు నచ్చలేదు.

మా అభిప్రాయం ఒక్క మాటలో ఇది: ఆ కెమెరాను పిల్లల చేతికివ్వాలి. ఊరికే ఇవ్వడం కాదు, వాడటం నేర్పి ఇవ్వాలి. ఎందుకో, ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాం.

తుడిపేసిన ఫొటో

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మమ్మల్ని పెంచింది మా నాయనమ్మ. అమ్మా నాయనా మిరపకోతలకు వలస పోయినప్పుడు ఆమె దగ్గరే ఉన్నాం. హాస్టల్లో చేర్చడానికి వచ్చిందీ ఆమే. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి, 'బాగా చూసుకోండయ్యా' అని వార్డెన్ సారుకు దండం పెట్టి వెళ్ళింది.

తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో ఒక సీనియర్ అన్న తన చిన్న డిజిటల్ కెమెరాను నాలుగు రోజులకు మాకిచ్చాడు. ఇంట్లో ఉన్నది బటన్ ఫోను. దాంతో ఫొటోలు పడేవి కావు. కెమెరా చేతిలోకి రాగానే నాయనమ్మను ఫొటో తీయాలనుకున్నాం. మధ్యాహ్నం పన్నెండింటికి, అప్పుడే సున్నం కొట్టిన తెల్లగోడ ముందు నిలబెట్టాం. పండగ చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి నిలబడింది. బటన్ నొక్కాం. వెనక తెరమీద చూస్తే గోడ చక్కగా పడింది, నాయనమ్మ ముఖం మాత్రం నల్లటి మచ్చలా ఉంది. కళ్ళు కనపడలేదు. ఆమెకు చూపిస్తే, 'నేను నల్లదాన్ని కదరా, అట్టనే పడతది' అని నవ్వింది. మేమూ అదే నిజమనుకున్నాం. కార్డులో చోటు చాలదని ఆ ఫొటో తుడిపేసి, తర్వాత మళ్ళీ తీద్దాంలే అనుకున్నాం.

ఆ తర్వాత రాలేదు. 2019లో ఆమె చనిపోయింది. దినానికి ఫొటో కావాలంటే ఇంట్లో ఓటరు కార్డు తప్ప ఏమీ లేదు. టౌనులో ఒక స్టూడియోలో దాన్నే పెద్దది చేయించాం. వాళ్ళు బొమ్మ మసకగా ఉందని ముఖాన్ని నున్నగా దిద్ది, తెల్లగా చేసి, ఆమె ఏనాడూ కట్టని జరీ చీరను భుజాల కింద అతికించి ఇచ్చారు. ఫ్రేము కట్టించి దండ వేశాం. మా అమ్మ దాన్ని చాలాసేపు చూసి, 'ఇది మా అత్త మొహం కాదురా' అంది.

తర్వాత డిగ్రీలో ఉండగా ఫొటోగ్రఫీ మీద కొన్ని పుస్తకాలు చదివాం. అప్పుడు తెలిసింది, ఆ మధ్యాహ్నం తప్పు నాయనమ్మ రంగుది కాదని. తప్పు మాది. కెమెరా ఎలా చూస్తుందో మాకు తెలియకపోవడం వల్ల జరిగింది. ఒక్క బటన్ రెండుసార్లు నొక్కి ఉంటే ఆమె ముఖం ఈరోజు మా ఇంట్లో ఉండేది. మన హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఈ తప్పు జరగకూడదనే ఇంత రాస్తున్నాం.

మన ఫొటోలు ఎవరు తీశారు?

1839లో ఫ్రాన్సులో డాగెర్ పద్ధతిని ప్రకటించిన తర్వాత కొద్ది సంవత్సరాలకే కెమెరా మన దేశానికి వచ్చింది. వచ్చినప్పుడు ఎవరి చేతికి వచ్చిందో గమనించాలి. హైదరాబాదు రాజ్యంలో గొప్ప ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేశారు, సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. ఆయన తీసిన నవాబులు, కోటలు, వేట దృశ్యాలు ఈనాటికీ చూడముచ్చటగా ఉంటాయి. ఆ ఫొటోల్లో పెద్దలకు పేర్లుంటాయి. పల్లకీ మోసిన వాళ్ళకూ, చనిపోయిన పులి పక్కన నిలబడిన పనివాళ్ళకూ ఎక్కువగా పేర్లుండవు.

1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకాన్ని ఎనిమిది సంపుటాలుగా అచ్చువేసింది. అందులో కులాల వారీగా, తెగల వారీగా మనుషుల ఫొటోలున్నాయి. ఆ ఫొటోల కింద చాలాచోట్ల మనిషి పేరుకు బదులు కులం పేరుంటుంది. 1876-78 కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. మన రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. ఆ కరువులో ఎముకల గూళ్ళైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. అందులోని మనిషి ఎవరో, ఏ ఊరో మనకు తెలియదు.

అందరూ అలాంటివారని కాదు. 1940లలో ఆదిలాబాదు గోండుల మధ్య, మార్లవాయిలో ఉండి పనిచేసిన హైమన్‌డార్ఫ్ ప్రేమతోనే ఫొటోలు తీశారు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మంచిదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. తాత ఫొటో లండన్‌లో ఉంది, మనవడి ఇంట్లో లేదు. మన ఇళ్ళలో చాలామందికి తాతల ఫొటో ఎక్కడా లేదు.

ఇప్పుడు కాలం మారింది. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోలు దాటింది. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మలో ఉన్నది 10 వేల చుక్కలు మాత్రమే. మన బీరువాలోని కెమెరా అరచేతిలో పడుతుంది, లక్షల చుక్కలతో బొమ్మ తీస్తుంది. ఫిల్ము కొననక్కర్లేదు, కడిగించనక్కర్లేదు. తప్పుపోతే మళ్ళీ తీయవచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకంటే చవకైన బడి ఇంకొకటి లేదు.

ముఖం నల్లగా ఎందుకు పడుతుంది?

అన్నిటికంటే ముఖ్యమైన మెలకువ ఇదే కనుక ముందు దీన్నే చెబుతాం.

కెమెరాకు మనిషి ముఖమేదో, గోడేదో తెలియదు. ముందున్న వెలుతురును మొత్తంగా కొలిచి, బొమ్మ అంతా కలిపి ఒక మధ్యస్థమైన బూడిదరంగు వెలుగుకు వచ్చేలా సర్దుతుంది. వెనక తెల్లగోడో, ఎండలో మెరిసే ఆకాశమో ఉంటే, 'వెలుతురు ఎక్కువైంది' అనుకుని తగ్గిస్తుంది. అప్పుడు ముందున్న ముఖం చీకటైపోతుంది. చామనఛాయ, నలుపు ముఖాలకు ఈ నష్టం మరీ ఎక్కువ. మా నాయనమ్మ విషయంలో జరిగింది ఇదే. పైగా నడినెత్తిన ఎండ ఉంటే కనుబొమల నీడ కళ్ళమీద పడుతుంది.

దీనికి నాలుగు ఉపాయాలున్నాయి.

ఒకటి, తెల్లగోడ ముందు నిలబెట్టవద్దు. వేపచెట్టు ఆకులు, తలుపు, మట్టిగోడ, ముదురురంగు దుప్పటి, ఏదైనా సరే, ముఖం కంటే వెలుగు తక్కువ ఉన్నదాన్ని వెనక ఉంచాలి.

రెండు, కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులు కలిసి ఉన్న బటన్ లేదా మెనూ ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. వెనక తెల్లగా ఉంటే ప్లస్ వైపు ఒకటి రెండు మెట్లు జరపాలి. గోడ కాస్త వెలిసినట్టు పడినా ఫరవాలేదు, ముఖం కనపడుతుంది. పని అయ్యాక మళ్ళీ సున్నాకు తేవడం మరిచిపోవద్దు.

మూడు, ఆ బటన్ లేకపోతే మరో దారి ఉంది. కెమెరాను ముఖం వైపు తిప్పి దగ్గరకు వెళ్ళి, షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకోవాలి. చాలా కెమెరాలు అప్పుడు చూసిన వెలుతురునూ, దూరాన్నీ గుర్తుపెట్టుకుంటాయి. వేలు తీయకుండా కొద్దిగా పక్కకు జరిపి, బొమ్మ సర్దుకుని, అప్పుడు పూర్తిగా నొక్కాలి. దూరం మాత్రం మారకూడదు.

నాలుగు, వెనక ఎండ ఉండి ముఖం నీడలో ఉంటే పట్టపగలే ఫ్లాష్ వేయాలి. పగలు ఫ్లాష్ ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఇంకో సంగతి కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి. ఫిల్ము రోజుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. దాని మీద ఉండేది తెల్లజాతి యువతి. ఆమె రంగు సరిగ్గా వస్తే ఫొటోలన్నీ సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ళ ముఖాలు సరిగ్గా పడటం లేదని ఎంతోమంది బాధపడ్డారు. చివరికి కంపెనీని కదిలించిన వాటిలో చాక్లెట్ల వాళ్ళూ, చెక్క సామాన్ల వాళ్ళూ తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని చేసిన ఫిర్యాదులు కూడా ఉన్నాయని ఈ చరిత్రను పరిశోధించిన కెనడా అధ్యాపకురాలు లోర్నా రోత్ రాశారు. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డు 1990లలో గానీ రాలేదు. కాబట్టి మిత్రులారా, 'నల్లవాళ్ళం, అట్టాగే పడతాం' అనే మాట ఇక అనవద్దు. పరికరం ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారైందో తెలుసుకుని, దాన్ని మనకు తగ్గట్టు సర్దుకోవాలి. స్టూడియోవారు 'తెల్లగా చేయమంటారా' అని అడిగితే, 'ఉన్నట్టు రానివ్వండి' అని చెప్పాలి. చెప్పడానికి మొహమాటపడవద్దు.

చేతికి అలవాటు కావలసినవి

మిగతా మెలకువలు క్లుప్తంగా చెబుతాం.

పట్టుకోవడం: ఒంటిచేత్తో పట్టుకుంటే బొమ్మ కదులుతుంది. రెండు చేతులతో పట్టుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. తాడును మణికట్టుకు వేసుకోవాలి. వెలుతురు తక్కువైతే గోడకో, కిటికీ ఊచకో భుజం ఆనించాలి. బటన్‌ను గుద్దకూడదు. సగం నొక్కితే పచ్చటి గడి కనపడి చిన్న శబ్దం వస్తుంది. అప్పుడు మెల్లగా పూర్తిగా నొక్కాలి.

వెలుతురు: ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం తీయవలసి వస్తే వరండా నీడలోకి తేవాలి. గదిలో అయితే కిటికీ పక్కన, వెలుతురు ముఖానికి ఏటవాలుగా పడేలా కూర్చోబెట్టాలి. ఖర్చులేని స్టూడియో అదే.

ఫ్లాష్: చిన్న కెమెరా ఫ్లాష్ సుమారు పది అడుగుల వరకే పనిచేస్తుంది. వార్షికోత్సవం రాత్రి యాభై అడుగుల దూరం నుంచి స్టేజీ మీదికి ఫ్లాష్ కొడితే ముందు వరుసలోని తలకాయలే వెలుగుతాయి. స్టేజీ లైట్లున్నప్పుడు ఫ్లాష్ ఆపి, దగ్గరకు వెళ్ళి, ఏదైనా ఆనుకుని తీయాలి.

జూమ్: రెండు రకాలు. ఆప్టికల్ జూమ్‌లో లెన్సు కదులుతుంది, బొమ్మ చెడదు. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది, ముక్కలు ముక్కలుగా పడుతుంది. మెనూలోకి వెళ్ళి దాన్ని ఆపేయండి. కాళ్ళున్నవాడికి నాలుగడుగులు ముందుకు నడవడమే మంచి జూమ్.

గ్రూపు ఫొటో: పొట్టివాళ్ళు నేలమీద, మధ్యవాళ్ళు బెంచీల మీద, పొడుగువాళ్ళు వెనక. ఎవరికి కెమెరా కనపడదో, వాళ్ళు కెమెరాకు కనపడరు. ఒక్కటి తీసి ఊరుకోవద్దు, నాలుగైదు తీయాలి. ఇంతమందిలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. తీసేవాడు కూడా బొమ్మలో ఉండాలంటే, కెమెరాను బల్లమీద పెట్టి పది సెకన్ల సెల్ఫ్ టైమర్ పెట్టి పరుగెత్తాలి.

మెగాపిక్సెళ్ళు: ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. పోస్టుకార్డు సైజు ప్రింటుకు 1800 చుక్కల పొడవు, 1200 చుక్కల వెడల్పు చాలు. అంటే 22 లక్షల లోపే. ఐదు మెగాపిక్సెళ్ళ పాత కెమెరా అయినా మన అవసరానికి ఎక్కువే. కెమెరా పాతదని చిన్నచూపు వద్దు.

బ్యాటరీలు: పెన్సిల్ సెల్సు వేసే కెమెరా అయితే గోడగడియారంలో వేసే చవక సెల్సు వేయవద్దు, పది బొమ్మలకే ఆగిపోతుంది. ఆల్కలైన్ సెల్సు గానీ, ఛార్జింగు చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్సు గానీ కావాలి. బీరువాలో పెట్టేముందు సెల్సు తీసేయాలి. లేకపోతే కారి, తుప్పు పట్టి కెమెరాయే పోతుంది.

కార్డు: బొమ్మ ఎక్కుతున్నప్పుడు చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు కార్డు లాగినా, మూత తీసినా బొమ్మలు పోతాయి. పాత కెమెరాలు కొన్ని 2 జీబీ వరకు ఉన్న ఎస్‌డీ కార్డులనే చదువుతాయి. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డును అవి గుర్తించవు. కొనేముందు చూసుకోవాలి. పొరపాటున బొమ్మలు తుడిచిపోతే వెంటనే ఆ కార్డు వాడటం ఆపాలి. దాని మీద కొత్త బొమ్మలు పడకపోతే, కంప్యూటరు తెలిసినవారు తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. ఈ సంగతి కూడా మాకు ఆలస్యంగానే తెలిసింది.

తేదీ: చాలాకాలం సెల్సు లేకుండా ఉంటే కెమెరాలో తేదీ మొదటికి పోతుంది. తీయబోయే ముందు తేదీ సరిచేయాలి. పదేళ్ళ తర్వాత చూసేవాడికి తేదీ కూడా చరిత్రే.

సర్టిఫికెట్ల విషయం

హాస్టల్ విద్యార్థికి కెమెరా వల్ల కలిగే ఇంకో ఉపయోగం గురించి ఎవరూ చెప్పరు. కులధ్రువీకరణ పత్రం, టీసీ, మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్లు మన ఆస్తి. ట్రంకు పెట్టెలో చెదలు పట్టి, వానకు తడిసి, బస్సులో మరిచిపోయి వీటిని పోగొట్టుకున్న వాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉన్నారు. వాటిని ఫొటో తీసి ఉంచుకుంటే, అసలుది పోయినా నంబరూ తేదీ దొరుకుతాయి. నకలు కోసం తిరగడానికి అదే ఆధారం.

తీసే పద్ధతి ఇది. వరండాలో నీడ ఉన్నచోట నేలమీద కాగితం పరచాలి. కెమెరా దానికి సరిగ్గా పైన, సమాంతరంగా ఉండాలి. వంకరగా పడితే అంచులు కోసుకుపోయినట్టు ఉంటాయి. ఫ్లాష్ ఆపాలి, లేకపోతే ల్యామినేషన్ మీద తెల్లటి మచ్చ పడుతుంది. పువ్వు గుర్తున్న బటన్ నొక్కాలి. దగ్గరి వస్తువుల కోసం ఉన్నదది. తెల్లకాగితం కనుక ఇక్కడా ప్లస్ వైపు ఒక మెట్టు జరపాలి. తీశాక తెరమీద పెద్దది చేసి, సీలు మీది అక్షరాలు చదవగలుగుతున్నామో లేదో చూసుకోవాలి.

అడగకుండా తీయవద్దు

ఇంతకుముందు చెప్పిన చరిత్రలో మనల్ని అడగకుండా తీశారని బాధపడ్డాం కదా. ఆ తప్పు మనం చేయకూడదు. స్నానాల దగ్గర, నిద్రలో, జబ్బుపడినప్పుడు, ఏడుస్తున్నప్పుడు ఎవరినీ తీయవద్దు. ఆటపట్టించడానికి అసలే తీయవద్దు. తీశాక తెరమీద చూపించాలి. వద్దంటే వాళ్ళ ముందే తుడిపేయాలి. ఆడపిల్లల హాస్టల్లో కెమెరా చెల్లెళ్ళ చేతిలోనే ఉండాలి, బయటివారి చేతిలో కాదు. పిల్లల బొమ్మలు నెట్‌లో పెట్టకూడదు. బొమ్మ కింద పేరు రాయాలి, 'హాస్టల్ విద్యార్థి' అని రాయకూడదు.

మూడు అభ్యంతరాలు

మేము ఈ మాట అన్నప్పుడు కొందరు పెద్దలు మూడు అభ్యంతరాలు చెప్పారు.

మొదటిది, 'పిల్లలు పాడుచేస్తారు' అని. పాడైతే పాడవుతుంది. బీరువాలో ఉన్నా సెల్సు కారి, లెన్సుకు బూజు పట్టి పాడవుతూనే ఉంది. వాడి పాడైతే పదిమందికి విద్య అయినా మిగులుతుంది. ఆటల రిజిస్టరులో సంతకం పెట్టి వాలీబాల్ తీసుకున్నట్టే కెమెరాకూ ఒక రిజిస్టరు పెట్టవచ్చు.

రెండోది, 'చదువు పాడవుతుంది' అని. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. వెలుతురు, లెన్సు, నాభి, ప్రతిబింబం గురించి భౌతికశాస్త్రంలో బట్టీపట్టేదంతా ఇక్కడ చేత్తో తెలుస్తుంది. వెలుతురును విద్యుత్తుగా మార్చి బొమ్మ చేసే సీసీడీని 1969లో కనిపెట్టిన బాయిల్, స్మిత్‌లకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అదే సూత్రం మన బీరువాలో ఉంది.

మూడోది, 'అందరి దగ్గరా ఫోన్లుండగా ఈ పాత కెమెరా ఎందుకు' అని. మన బోర్డర్ల దగ్గర ఫోన్లు ఉండకూడదన్నది హాస్టల్ నియమం. ఆ నియమం మంచిదేనని మా అభిప్రాయం కూడా. కెమెరాలో ఆటలు లేవు, వీడియో రీళ్ళు లేవు, నెట్ లేదు. ఫొటో తీయడం ఒక్కటే ఉంది. ఇక ఫోన్లు ఉన్న మా సంగతి వినండి. డిగ్రీ మూడేళ్ళలో వేల ఫొటోలు తీశాం. ఫోను పగిలి కొన్ని పోయాయి, నిండిపోయిందని కొన్ని తుడిపేశాం, వాట్సాప్‌లో పంపితే చిన్నవైపోయి ప్రింటుకు పనికిరాలేదు. చేతిలో కాగితం మీద ఉన్నవి పది కూడా లేవు.

ఏం చేయాలి?

మా సూచనలు పెద్దవేమీ కావు. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నలుగురిని ఎన్నుకోవాలి. వాళ్ళు తర్వాతి ఏడాది కింది తరగతుల నుంచి నలుగురికి నేర్పాలి. మా బ్యాచ్ వాళ్ళం రెండు ఆదివారాలు వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. సెలవులకు వెళ్ళేముందు కెమెరా తిప్పలు తిప్పలుగా ఇచ్చి, ప్రతివాడూ ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటో ఒకటి తీసుకువచ్చేలా చూడాలి. బొమ్మలు హాస్టల్ కంప్యూటర్లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఇంకోచోట ఉండాలి. ఒక్కచోటే ఉన్నది లేనట్టే లెక్క. ఏడాదికి యాభై బొమ్మలు ఎంచి ప్రింటు తీయించి, వెనక పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఊరు, తేదీ రాసి ఆల్బమ్‌లో పెట్టాలి. ఆ ఖర్చు పూర్వ విద్యార్థులం పెట్టుకుంటాం.

తీయవలసినవి చాలా ఉన్నాయి. తెల్లవారుజామున స్టడీ అవర్, బోరు దగ్గర బట్టలుతకడం, మెస్సులో వరుస, పరీక్షల ముందు రాత్రి వరండా లైటు కింద కూర్చున్న పదో తరగతి, ఆదివారం చూడటానికి వచ్చిన అమ్మ గేటు బయట విప్పిన క్యారియరు. ఇవేవీ రిపోర్టులో అవసరం లేదు. మనకు అవసరం.

ఈ దారిలో నడిచిన వాళ్ళు మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. తమిళనాడులో ఎం. పళనికుమార్ చేపలమ్మే తల్లి కొడుకు. కెమెరా పట్టుకుని తన తల్లిలాంటి కష్టజీవులనూ, పారిశుద్ధ్య కార్మికులనూ ఫొటోలు తీస్తున్నారు, పేదపిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పుతున్నారు. మనలో ప్రతివాడూ ఫొటోగ్రాఫరు కానక్కర్లేదు. తన ఇంటి మనిషిని ఉన్నది ఉన్నట్టు తీయగలిగితే చాలు.

చివరగా ఒక్కమాట. మా పదో తరగతి గ్రూపు ఫొటో మా దగ్గర ఉంది. వార్డెన్ సారు, ట్యూటర్లు, మేమంతా ఉన్నాం. అయిదేళ్ళు మాకు అన్నం వండిన అమ్మా, నీళ్ళు పట్టిన కామాటి అన్నా అందులో లేరు. ఆ రోజు వాళ్ళు వంటగదిలో మా వీడ్కోలు భోజనం వండుతున్నారు. పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఈ సంవత్సరం గ్రూపు ఫొటో తీసే తమ్ముళ్ళు ముందు వంటగదిలోకి వెళ్ళి వాళ్ళను పిలుచుకురండి. పొయ్యి కాసేపు ఆగినా ఫరవాలేదు. సాయంత్రం నాలుగున్నరకు, తెల్లగోడ ముందు కాకుండా వేపచెట్టు కింద నిలబెట్టండి. ముఖాలు కనపడేలా తీసి, వెనక పేర్లు రాయండి.

— పూర్వ విద్యార్థులు, 2018 పదో తరగతి బ్యాచ్